ఇసుక పోసి వంచిన పైపులు

పదిహేనేళ్లు నిండిన బుల్లెట్ ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోయే ముందు మా షెడ్డు దగ్గర ఆగేవాళ్లు. బండికున్న గోల సైలెన్సర్ విప్పించి, మా గోడకు వేలాడే కంపెనీ సైలెన్సర్‌ను ఆ పూటకు బిగించుకుని, మూసారాంబాగ్‌లో టీవీ టవర్ దగ్గరున్న ఆర్టీఏ ఆఫీసుకు బుద్ధిమంతుల్లా వెళ్లేవాళ్లు. పని అయ్యాక సాయంత్రం వచ్చి ఎవరిది వాళ్లు తగిలించుకుని డబడబలాడించుకుంటూ పోయేవాళ్లు. నాకు పని నేర్పిన ఉస్తాద్ దానికి కిరాయి తీసుకునేవాడు కాదు, విప్పి బిగించిన కూలీ మాత్రమే. "పెళ్లికి కోటు అరువిచ్చి పైసలడుగుతామారా?" అనేవాడు. ఏపీ 11 నంబరున్న పాత బుల్లెట్లు ఆ ఒక్క కోటు తొడుక్కుని ఎన్ని గట్టెక్కాయో!

మా పని గురించి జనానికి తెలిసింది ఈ గోల ఒక్కటే. మోత పెట్టించుకునే కుర్రాళ్లు, వాళ్లను పట్టుకునే పోలీసులు, మర్నాడు పేపర్లో ఫొటో. నేను మలక్‌పేటకూ దిల్‌సుఖ్‌నగర్‌కూ నడుమ రేకుల షెడ్లలో, ఆ తర్వాత హయత్‌నగర్ దారిలో ఆటోనగర్‌లో గ్యాస్ టార్చి పట్టుకుని బతికినవాణ్ని. నాకు తెలిసిన చరిత్ర వేరు. సైలెన్సర్ పనివాడు చేసేది చాలావరకు చప్పుడు తగ్గించే పనే. తుప్పు తిన్న డబ్బా మార్చాలి, చిల్లికి అతుకు వేయాలి, విరిగిన బెండ్ పైపు అతికించాలి. మోత పనితో పేరొచ్చింది, అతుకుల పనితో అన్నం దొరికింది. ఆ అన్నం ఇప్పుడు తగ్గిందంటే తప్పు పోలీసులది కాదు. అది ఎవరి పుణ్యమో చివర్లో చెప్తాను.

మూసారాంబాగ్‌కు పేరిచ్చినాయన కూడా ఒకరకంగా గొట్టాల మనిషే. మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ అనే ఫ్రెంచివాడు రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో సేనాపతి. ఫతే మైదాన్ దగ్గర తోప్ కా సాంచా అనే ఫిరంగుల కార్ఖానా ఆయన పెట్టించిందే, 1786లో అంటారు. ఆ పేటను ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అంటున్నాం. ఇనుము, కంచు కరిగించి గొట్టాలు పోతపోయడం మన హైదరాబాద్‌కు ఆ కాలం నుంచే చేతనవును. రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద ఆయన సమాధి, పక్కనే కోసుగా లేచిన రాతి స్తంభం ఉన్నాయి. చుట్టుపక్కల హిందువులు ఆయన్ను మూసా రామ్ అన్నారు, ముసల్మానులు మూసా రహీం అన్నారు. అదీ మన మూసారాంబాగ్.

ఫిరంగికీ సైలెన్సర్‌కూ చుట్టరికం నేను కల్పిస్తున్నది కాదు. బుల్లెట్ ట్యాంకు మీద ఉండేది ఫిరంగి బొమ్మే. ఇంగ్లండ్‌లో రెడిచ్ ఊరి కంపెనీ ఒకటి ఎన్‌ఫీల్డ్‌లోని సర్కారీ తుపాకుల ఫ్యాక్టరీకి భాగాలు చేసిపెట్టి ఆ పేరు తెచ్చుకుంది. 1955 నుంచి మద్రాసులో ఆ బండి మన బండి అయింది. ఇక ఇంజన్ మోతకు మూత వేసే డబ్బాకు అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రీవ్స్ సోదరులు 1897లో పేటెంట్ తీసుకున్నారు. తుపాకీ చప్పుడును మింగే గొట్టానికి 1909లో పేటెంట్ తీసుకున్న హైరమ్ పెర్సీ మాక్సిమ్, ఆ కిటుకుతోనే ఇంజన్లకూ సైలెన్సర్లు చేశాడు. ఆయన తండ్రే మెషిన్ గన్ కనిపెట్టిన మాక్సిమ్. తండ్రి పెట్టిన గోలను కొడుకు సర్దాడన్నమాట. సూత్రం మాత్రం పిల్లలకు చెప్పినా అర్థమవుతుంది. సిలిండర్ నుంచి ఒక్క ఉదుటున దూకే వేడి గాలిని కాస్త విశాలమైన గదిలోకి వదిలి, చిల్లుల పైపుల్లో తిప్పి, దాని ఆవేశం తగ్గాక బయటికి పంపడం. అంతే.

మా ఉస్తాద్ తండ్రి బస్సు డిపోలో ఫిట్టరు. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అదే తర్వాత ఆర్టీసీ అయింది. ఆల్బియన్ బస్సుల భాగాలు సీమ నుంచి ఓడలో రావాలి కాబట్టి, వచ్చేదాకా బస్సు ఆగకుండా చేసుకోవడమే ఫిట్టరు గొప్పతనం. ఆ డిపోల్లో నేర్చిన విద్య కొడుకులకు, చెల్లెళ్ల కొడుకులకు దిగి, మలక్‌పేట నుంచి బెజవాడ దారి పొడవునా రేకుల షెడ్లయి వెలిసింది. పుణె నుంచి మచిలీపట్నం పోయే తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు దాన్ని అరవై అయిదు అంటున్నారు, మా ముంగిటి రోడ్డే. లారీ ఎక్కడ ఆగితే షెడ్డు అక్కడ పుట్టింది. నగరం పెరిగినకొద్దీ లారీలను బయటికి నెట్టారు. షెడ్లు కూడా వాటి వెంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటుకుంటూ ఆటోనగర్ చేరాయి.

నేను పనిలో చేరిన 1980ల్లో పైపులు వంచే మిషన్ మా షెడ్డులో లేదు. వంపు ఎలా తెచ్చేవాళ్లమో చెప్తాను, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ముందు బండి కిందకు దూరి లావుపాటి తీగను పొగగొట్టం పోవాల్సిన దారిలో వంచుకోవాలి. యాక్సిల్ పైనుంచి, గేర్‌బాక్స్ పక్కనుంచి, పెట్రోల్ పైపుకు ఎడంగా. ఆ తీగే మా నక్షా. తర్వాత సన్నటి ఇసుకను పెనం మీద వేయించి తడి చుక్క లేకుండా ఆరబెట్టాలి. తడి ఉంటే ఆవిరై బిరడాను ఎగదన్నుతుంది, ముఖం మీదికే వస్తుంది. పైపు ఒక మూతికి కట్టె బిరడా కొట్టి, రెండో మూతిలోంచి ఇసుక పోస్తూ పైపు పొడవునా సుత్తితో తట్టుతూ ఉండాలి. ఇసుక కుదురుకున్న పైపు మోగదు, మొద్దుగా పలుకుతుంది. ఆ పలుకు వినేదాకా ఉస్తాద్ రెండో బిరడా కొట్టనిచ్చేవాడు కాదు. ఆపైన కార్బైడ్ గ్యాస్ టార్చితో వంపు రావాల్సిన చోట ఎర్రగా కాల్చి, నేలలో పాతిన పాత బ్రేక్ డ్రమ్ము చుట్టూ ఇద్దరం కలిసి నింపాదిగా లాగేవాళ్లం. తొందరపడితే లోపలి వైపు ముడతలు పడతాయి, ముడత పడ్డచోట పొగ ఆగుతుంది. బాగా వచ్చిన వంపు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా తట్టుకోదు. చల్లారాక బిరడాలు పీకి ఇసుక గుమ్మరించుకుని మళ్లీ వాడేవాళ్లం.

ఆ కాలం మోటారు సైకిళ్ల కాలం కూడా. యెజ్దీకి రెండు సైలెన్సర్లు. 1985లో ఆర్ఎక్స్ 100 వచ్చింది. రెండూ టూ స్ట్రోకే, ఆయిల్ కలిసిన పెట్రోల్ తాగేవే. వాటి కడుపులో మసి పేరుకుని బండి పైకి లాగదు. లోపలి జాలీ పైపు ఊడదీసి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, టార్చితో కాల్చి, తట్టి దులపడం నాకు మొదట అప్పగించిన పని. చేతుల నలుపు పండుగలకు కూడా పోయేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు నిండిన రోజుల నుంచి కోచింగ్‌కు వచ్చిన పిల్లలు ఆ జాలీ పైపు అసలే వద్దని, తీసేయమని అడిగేవాళ్లు. స్పీడ్ వస్తుందని వాళ్ల నమ్మకం. టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ ఆకారంలోనే బలముంది. పొగ అల వెనక్కి తట్టుకుని, బయటికి జారిపోతున్న తాజా పెట్రోల్ గాలిని తిరిగి సిలిండర్‌లోకి నెట్టాలి. 1950ల్లో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ ఈ లెక్క తేల్చి చిన్న బండ్లను పెద్ద రేసులు గెలిపించాడు. 1961లో ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి సుజుకీకి పోతూ ఆ విద్యను జపాన్ పట్టుకుపోయాడు. అంత కథ ఉన్న పైపును కోసి పారేస్తే మిగిలేది చప్పుడే. ఉస్తాద్ ఈ పేర్లేవీ ఎరగడు గానీ, "మోత వేరు, లాగుడు వేరు" అని పిల్లలకు చెప్పి చూసేవాడు. వినకపోతే కోసిచ్చేవాడు. గిరాకీ కదా.

బుల్లెట్‌ది ఇంకో లోకం. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, గోల్డ్ స్టార్, డాల్ఫిన్, పంజాబ్, ఇందోర్, గ్లాస్ వూల్ అంటూ సైలెన్సర్‌కో పేరు, పేరుకో మోత. కళ్లు మూసుకుని గల్లీ చివర వచ్చే బండి ఏదో చెప్పేవాళ్లు మాలో ఉన్నారు. నాకు లాంగ్ బాటిల్ ఒక్కటే నచ్చేది. మిగతావి అరుపులు.

1986లో పండ్ల మార్కెట్ మొజంజాహీ నుంచి గడ్డిఅన్నారానికి వచ్చింది. అప్పటినుంచి నాలుగు చక్రాల గిరాకీ మా వైపు తిరిగింది. అదే ఏడు టాటా 407, మరో రెండేళ్లకు టాటామొబైల్ పికప్. జపాన్ పొత్తుతో వచ్చిన చిన్న లారీలు కూడా ఆ రోజుల్లోవే. నిస్సాన్ పొత్తులో మన ఆల్విన్ వాళ్లు జహీరాబాద్‌లో చేసినవి అందులో కొన్ని, ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి పోయింది. నల్లగొండ బత్తాయి, వేసవిలో మామిడి, తెల్లవారుజామున బండ్లు బారులు తీరేవి. అధిక లోడు, కాలనీల స్పీడ్ బ్రేకర్లు, సైలెన్సర్ కడుపు నేలకు తాకడం. సరుకు దించి తిరుగు ప్రయాణంలో మా దగ్గర ఆగేవాళ్లు.

హెడర్ పని నేను నేర్చింది ఆ పికప్పుల మీదే. ఇంజన్‌కు నాలుగు సిలిండర్లుంటే నాలుగు పొగ దారులుంటాయి. కంపెనీ వాళ్లు వాటిని పోత ఇనుము మేనిఫోల్డ్‌లో పొట్టిగా కలిపేస్తారు. అది చవక, గట్టిది, చప్పుడు తక్కువ. కాకపోతే ఒక సిలిండర్ పొగ ఇంకోదానికి అడ్డం తగులుతుంది. హెడర్ అంటే నాలుగింటికీ నాలుగు పొడుగాటి పైపులు వేసి దూరంగా కలపడం. 1, 3, 4, 2 వరుసలో పేలే ఇంజన్‌లో ముందు పోయిన పొగ వెనకదాన్ని లాక్కుపోయేలా పొడవులు కుదరాలి. అమెరికాలో రేసు పిల్లలు దీన్ని వేగం కోసం పెట్టుకున్నారు, 1950ల నుంచే అక్కడ అది దుకాణంలో దొరికే సరుకు. మా దగ్గర హెడర్ పుట్టింది లేమిలోంచి. పోత మేనిఫోల్డ్ వేడికి బీట వారితే కొత్తది కొనే స్తోమత డ్రైవరుకు ఉండదు. పోత ఇనుమును అతకడం కష్టం. ముందే బాగా కాచి, నికెల్ రాడ్డుతో అతికి, మెల్లగా చల్లార్చకపోతే పక్కన ఇంకో బీట వస్తుంది. దానికన్నా మందపాటి పట్టీకి నాలుగు రంధ్రాలు కోసి, నాలుగు వంపు పైపులు వెల్డింగ్ చేసి ఇవ్వడం సులువు. డ్రైవర్లు దాన్ని పైపు మేనిఫోల్డ్ అనేవాళ్లు. డీజిల్ పికప్‌కు దానివల్ల వేగం పెరిగిందని నేనైతే చెప్పను. పొగ క్యాబిన్‌లోకి రావడం ఆగింది, బండి రోడ్డెక్కింది.

పైపులు వంచడం కన్నా పాతది విప్పడమే అసలు పని. ఏళ్ల తరబడి కాలి కాలి తుప్పు పట్టిన నట్టు ఇంజన్‌లోనే పుట్టినట్టు కూర్చుంటుంది. రాత్రి డీజిల్ పోసి వదిలేస్తాం. పొద్దున కదలకపోతే నట్టును కాల్చి, వేడి మీదే దాని మొదట్లో మైనపు కొవ్వొత్తి ఆనిస్తాం. కరిగిన మైనం మరలోకి పాకుతుంది. అప్పుడు కాస్త బిగించి, కాస్త వదిలి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. ఒకే ఊపున తిప్పితే స్టడ్డు తల తెగి చేతిలోకి వస్తుంది. తెగిన మొండానికి నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడి ఆరకముందే తిప్పడం ఆఖరి ఉపాయం. ఇక ప్యాకింగ్. ఆస్బెస్టాస్ షీటును మేనిఫోల్డ్ ముఖం మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట తట్టుతూ పోతే రంధ్రాల ఆకారం దానంతటదే తెగి వచ్చేది. ఆ పొడి ఊపిరితిత్తులకు విషమని మాకెవరూ చెప్పలేదు. ఉత్త చేతులతో చించేవాళ్లం, దులిపేవాళ్లం. నట్లు నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకు బిగించాలి. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి. ఈ రెండోసారి బిగింపు మరిచిపోయిన బండే వారానికి టపటపలాడుతూ తిరిగొస్తుంది.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ వాడికో వీ8 పికప్ ఉంది. దానికి రెండు వైపులా రెండు హెడర్లు పెట్టెలో ఇంటికే తెప్పించుకుని, కారు షెడ్డులో జాకీ స్టాండ్ల మీద లేపి, తనే బిగించుకోవాలని కూర్చున్నాడు. అర్ధరాత్రి వీడియో కాల్. "మామా, వెనకది బోల్టు తెగిపోయింది, ఏం చేయాలె?" నేను కొవ్వొత్తి సంగతి చెప్పాను, నట్టు వెల్డింగ్ సంగతి చెప్పాను. కూలీ ఖరీదైన దేశంలో ఇంజనీర్లు కూడా బండి కిందికి దూరతారు. మా శాలివాహన నగర్‌లో బండి ఉన్నవాడు కిందకు దూరడం నేను చూడలేదు. స్టూలు వేసుకుని కూర్చుని మాకు సలహాలిస్తాడు.

చట్టం మాటకొస్తే అది మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది, చప్పుడు వీలైనంత తగ్గించాలంటుంది. 2000లో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్చి, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి చప్పుడు, కాలుష్యం నేరానికి జరిమానాను 10,000 రూపాయల దాకా పెంచారు. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరుసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించారు. ఆ వీడియో చూసి మావాళ్లు నవ్వారు. తొక్కించిన ప్రతి ఒక్కటీ ఇంకోటి అమ్ముడుపోవడానికి దారి. వందల ఏళ్ల నాటి పోత విద్య నుంచి ఇంత దూరం వచ్చిన పని రోడ్ రోలర్‌కు చావదు.

దాన్ని దెబ్బకొట్టింది గళ్లగళ్ల పింగాణీ దిమ్మె, దాని పేరు కెటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూసిన ఆ దిమ్మె పొగలోని విషాన్ని మారుస్తుంది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు తప్పనిసరి చేశారు. సీసం ఉంటే అది పాడవుతుంది కాబట్టి 2000 ఫిబ్రవరికల్లా దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. హైదరాబాద్‌కు 2005లో బీఎస్-3, 2010లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో దేశమంతటితో పాటు బీఎస్-6. మెట్టు ఎక్కినప్పుడల్లా మా పని ఒక మెట్టు దిగింది. చిన్న కార్లకు మేనిఫోల్డ్, కన్వర్టర్ ఒక్కటైపోయాయి. గొట్టం నిండా సెన్సార్లు. పికప్పులకు పొగలోని మసి పట్టే ఫిల్టర్ వచ్చింది, కొన్నిటికి యూరియా నీళ్ల ట్యాంకు కూడా. నేను మధ్యలో చిన్న అతుకు వేసినా డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. పైగా కొత్త పైపులు తుప్పు పట్టని స్టీలువి. తుప్పే మాకు అన్నం పెట్టింది. ఇప్పుడు గొట్టం కింద దూరేది మాకన్నా ఎక్కువగా దొంగలు. దేశంలో చాలాచోట్ల ఈకో వ్యాన్ల కింద పడుకుని దిమ్మె కోసుకుపోతున్నారు, లోపలి లోహం ఖరీదు అలాంటిది.

పల్చటి ఇనుప సైలెన్సర్ల కాలానికి ఆఖరి పెద్ద గిరాకీ 2020 అక్టోబర్ వరద తెచ్చింది. 13, 14 తేదీల వానకు మూసారాంబాగ్ వంతెన మీది నుంచి మూసీ పారింది. ఎల్బీనగర్ వైపు కాలనీల్లో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లలో ఇంజన్ ఆగితే పొగగొట్టం నీళ్లు తాగుతుంది, అలాంటప్పుడు మళ్లీ స్టార్ట్ కొట్టకూడదని చెప్పినా వినేదెవరు? నీళ్లు తీశాక కాలనీవాళ్లు తెచ్చిన బైకుల సైలెన్సర్లలోంచి మూసీ బురద గడ్డలు గడ్డలుగా రాలింది. డబ్బా కింద నీరు కారడానికి ఉండే చిన్న తూటు ఆ బురదకు మూసుకుపోయి, లోపలి తడి ఆరక, కొన్ని నెలల్లోనే వాటి అడుగులు ఊడాయి. తర్వాతి ఏడాది గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. పికప్పులు అటే పోయాయి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు పెట్టారు. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచివాడు. రేమండ్ తర్వాత హైదరాబాద్‌లో పేరు తెచ్చుకున్న ఇంకో ఫ్రెంచివాడని నేనంటే షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు. మావాళ్ల బాధ వేరే. వాటికి పొగగొట్టమే లేదు, ఈలలు వేసుకుంటూ పోతున్నాయి, దాన్నీ రేసంటారా అని.

ఆటోనగర్‌లో నాకు ఇప్పుడు వచ్చేవి ఇబ్రహీంపట్నం వైపు ట్రాక్టర్లు, పాత లారీలు, పెళ్లి మండపాల జనరేటర్లు. బీఎస్-6 పికప్ వస్తే కింద వంగి చూసి, షోరూముకే పొమ్మంటాను. ట్రాక్టర్ సైలెన్సర్ నిలువుగా ఆకాశం వైపు ఉంటుంది, వాన లోపలికి పోకుండా మూతి మీద ఎగిరిపడే రేకు మూత కావాలి. ఆ మూతకు వేరే పైసలు తీసుకోను. పైపుకు మాత్రం రేటు అడుగుల లెక్కనే, వంపు ఉంటే వంపుకు ఇంత అని అదనం.